తెచ్చినవాళ్ళే పంపాలి

మా మేనకోడలు, అంటే మా చెల్లెలి కూతురు, హైదరాబాదులో పదేళ్ళుగా ఏదో కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తోంది. ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, ఆ ఉద్యోగం మానేసి బీఈడీ చదివి టీచరునవుదామనుకుంటున్నాననీ, అవ్వాలో వద్దో నేనే చెప్పాలనీ పట్టుబట్టింది. "నువ్వేం చెబితే అదే చేస్తా మామూ. మన ఇళ్ళల్లో నీ అంతటి సారు ఇంకెవరున్నారు?" అంది. ఆలోచించి చెబుతానన్నాను. చెప్పడానికేముంది, అవునన్నా కాదన్నా ఒక్క ముక్క, అయినా వారం దాటేదాకా నేను మళ్ళీ ఫోను చెయ్యలేదు. అదే రెండుసార్లు చేస్తే, నమాజులో ఉన్నానని మా ఆవిడ చేత చెప్పించాను. పదకొండు గంటలకు ఏం నమాజని అది నవ్వుకునే ఉంటుంది.

తప్పించుకు తిరగడానికి కారణం ఉంది. ఇది చదివే మీలో చాలామంది నన్ను సైన్సు మేస్టారుగా, ఆ తర్వాత హెడ్మాస్టరుగా ఎరిగినవాళ్ళు. రిటైరైన రోజున మీరే నాకు శాలువాలు కప్పారు, అవి ఇప్పటికీ బీరువా పై అరలో ఉన్నాయి. మేస్టారును కాకముందు పదకొండేళ్ళపాటు నేను నరసరావుపేటలో మోటార్లకు వైండింగు చేసుకు బతికానని కొద్దిమందికే తెలుసు. అందులోంచి ఇందులోకి ఎలా వచ్చానో, ఆ వచ్చిన దారిలో ఏం చేశానో మా ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు ఆ పిల్ల అడిగిన పాపానికి చెప్పాల్సి వస్తోంది.

మా నాన్నది పాత బస్టాండుకు కొంచెం అవతల చిన్న కొట్టు. రైతుల బోరు మోటార్లు లోపల తీగ కాలిపోయి మా దగ్గరికి వచ్చేవి. ఆ కాలిన తీగంతా పీకేసి, దాని చుట్లు ఎన్నో లెక్కపెట్టి, అన్ని చుట్లే కొత్త రాగి తీగ చుట్టి, వార్నీషులో ముంచి ఆరబెట్టి ఇవ్వడం మా పని. కరెంటు సరిగా రాని రోజుల్లో నకరికల్లు వైపునుంచీ అచ్చంపేట వైపునుంచీ ట్రాక్టరు తొట్లలో వేసుకొచ్చేవాళ్ళు. చేలో మిరప వాడిపోతుంటే మనిషి ఎలా కూర్చుంటాడో మీకు తెలుసు, బల్ల మీద ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టుకుని, ఎప్పుడిస్తావ్ ఎప్పుడిస్తావ్ అని గంటకోసారి అడుగుతూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ నోరు కాస్త మూయించడానికి నేను మోటారు ఎందుకు కాలిందో, ఓల్టేజి పడిపోతే తీగకేమవుతుందో షట్టరు మీద సుద్దముక్కతో గీసి చెప్పేవాణ్ణి. అలా చెప్పేటప్పుడు నాకు తెలియకుండానే గొంతు మారేదట, మా నాన్న అనేవాడు.

ఆ గొంతే నన్ను పట్టించింది. మా వీధి చివర ప్రైవేటు హైస్కూలు కరస్పాండెంటు గారు ఒకరోజు స్కూలు బోరు మోటారు పట్టుకొచ్చి, నేను ఎవరో రైతుకు చెబుతుంటే అలాగే నిలబడి విన్నాడు. డిగ్రీ చదివానని తెలుసు, దూరవిద్యలో బీఈడీ కూడా చేశానని తెలిశాక ఇక వదల్లేదు. ఆ ఏప్రిల్ నుంచి ఒక ఏడాది మధ్యాహ్నం దాకా స్కూలుకొచ్చి పదో తరగతికి సైన్సు చెప్పమన్నాడు, ఇద్దరికీ కుదిరితే పై ఏటి జూన్ నుంచి పూర్తిగా మేస్టారుగా తీసుకుంటానన్నాడు. మా నాన్నకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. సగం పూట మనిషిని పెట్టుకుని కొట్టు నడపడం కుదరదనీ, ఏడాదిలో అటో ఇటో తేల్చుకోకపోతే కొట్టు వేరేవాళ్ళకు అప్పగించేస్తాననీ తెగేసి చెప్పాడు. అంటే అటు వెళితే మళ్ళీ ఇటు రావడానికి ఏమీ మిగలదు. నాకు ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు.

మా ఆవిడ మాత్రం ఆ రోజే తేల్చేసుకుంది. సారు గారి భార్య అనిపించుకోవాలని దానికి ఎంత ఉండేదో పాపం, రోజూ రాత్రి నా గోళ్ళల్లో నలుపు పోయేదాకా నిమ్మచెక్కతో రుద్దేది. పోతేనా? స్టాఫ్ రూములో నన్ను మొదటివారంలోనే మోటారు సారన్నారు. ఏ క్లాసులో ఫ్యాను ఆగినా, పిల్లలందరూ చూస్తుండగా, సోషలు మేస్టారు నన్నే పిలిచి బెంచీ ఎక్కించేవాడు, కింద నిలబడి నా కాళ్ళ పక్కనే చేతులు దులుపుకుంటూ పాఠం చెప్పుకునేవాడు. నేను కోపం దిగమింగి ఫ్యాను బాగుచేసి దిగేవాణ్ణి. పూర్తి మేస్టారునయ్యాక వీళ్ళ సంగతి చూడాలని మనసులో ఉండేది. ఇంత చిన్న కక్షలమీద మనిషి జీవితం మలుపు తిరుగుతుందంటే ఎవరూ ఒప్పుకోరు గానీ, నాది అలాగే తిరిగింది.

ప్రైవేటు స్కూళ్ళలో పనిచేసినవాళ్ళకు మే నెలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. సెలవులు పిల్లలకే, మనకు కాదు. నెత్తిన తువ్వాలు చుట్టుకుని, చేతిలో కరపత్రాల కట్టతో, ఊరూరా తిరిగి మీ పిల్లల్ని మా స్కూల్లో చేర్చండని ఇంటింటికీ అడుక్కోవాలి. మనిషికి పదిమందిని తేవాలని లెక్క. ఆ ఎండలో మిగతా మేస్టర్లు తిరిగి తిరిగి ఇద్దరినో ముగ్గురినో తెస్తే, నేను ఒక్కణ్ణే పదిహేడు మందిని తెచ్చాను. కష్టమేముంది, ఏ ఊళ్ళో ఏ బోరు ఎవరిదో నాకు తెలుసు, ఏ ఇంటికి వెళ్ళినా మంచం వాల్చి మజ్జిగిచ్చేవాళ్ళు. మోటారు బాగుచేసినోడు పిల్లోణ్ణి బాగుచెయ్యడా అని ఒకాయన తన భార్యతో అనడం నా చెవులారా విన్నాను. సోషలు మేస్టారు మొహం ఆ సాయంత్రం చూడాలి, నాకు కడుపు నిండిపోయింది.

ఆ పదిహేడు మందిలో ఒక పిల్ల ఉంది. నకరికల్లు దగ్గర ఊరు, తండ్రి మా కొట్టుకు ఇరవై ఏళ్ళ పాత ఖాతా, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను ఒరేయ్ అబ్బాయ్ అనేవాడు. పిల్ల ఊళ్ళో ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిది పాసై పదిలోకి వచ్చింది. పదో తరగతిలో స్కూలు మార్చడం ఎందుకులే అని ఆయన నసిగాడు. నేను వదల్లేదు, అప్పటికి పదహారు మందయ్యారు, ఆ పూటకు ఇంకొక్కటి కావాలని నాలో ఏదో రేగింది. పాసు చేయించే పూచీ నాదన్నాను. ఆయన ఉన్నట్టుండి పిలుపు మార్చి, "అయితే మీ చేతుల్లో పెడతన్నా మేస్టారూ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట నాకు మీరు అన్న మాట అదే మొదలు. వచ్చే దారిపొడుగునా ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చాను.

ఆ పిల్ల లెక్కల్లో వెనకబడింది, ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ చేతులు చురుకు. ఒకసారి పాత స్టార్టరు క్లాసుకు తీసుకెళ్ళి విప్పి చూపిస్తే, అందరికంటే ముందు దాన్ని తిరిగి బిగించింది ఆ పిల్లే. తండ్రి పొలంలో చూసిందట. ఎందుకు, ఎలా అని అడిగేది, అడిగి ఊరుకోకుండా తలకెక్కేదాకా వేధించేది. లెక్కల పరీక్షలో ఇరవై ఎనిమిది వచ్చాయి, తర్వాత ముప్పై ఒకటి, పాసుకు ముప్పై ఐదు. ఇంకో మూడు నెలలు పక్కన కూర్చోబెట్టుకుంటే గట్టెక్కుతుందని నాకు అనుమానం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం కరస్పాండెంటు గారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి అయిదు పేర్లు చదివాడు. ఈ అయిదుగురి పేర్లూ మన స్కూలు నుంచి వెళ్ళవు, వీళ్ళు రాస్తే నూటికి నూరు శాతం రాదు, టీసీలిచ్చి పంపేద్దాం అన్నాడు. మేలో తలలు కావాలి, చలికాలానికి పర్సెంటేజీ కావాలి, రెండూ ఒకే పిల్లలతో కుదరవు కదా. అయిదో పేరు ఆ పిల్లది. తల్లిదండ్రులకు చెప్పేదెవరని హిందీ మేడం అడిగితే, ఎవరు తెచ్చినవాళ్ళను వాళ్ళే పంపాలి, ముందు నుంచీ ఇక్కడ ఇదే పద్ధతి అన్నాడు. హిందీ మేడం కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని రెండు టీసీలు బ్యాగులో పెట్టుకుంది.

నేను ఆయన గదిలోకి వెళ్ళి అడిగాను. పోట్లాడానని చెప్పుకోను, అడిగాను, అంతే. మూడు నెలలు టైమివ్వండి, పాసు చేయిస్తానన్నాను. ఆయనేమీ కోప్పడలేదు, టీ తెప్పించాడు. "చూడండి, మీకు తెలియందేముంది. కాలిన తీగ లోపల అట్టే పెట్టి మోటారు బిగిస్తారా మీరు?" అన్నాడు. పోయినేడు వెళ్ళిపోయిన లెక్కల మేస్టారుకు మనసు మెత్తన, ఈ లైనులో అట్టాంటోళ్ళు నిలవరు, మీరు నిలుస్తారో లేదో ఈ పనితో తెలుస్తది, జూన్ ఆర్డరు టైపు కొట్టించి డ్రాయర్లో పెట్టాను అని కూడా అన్నాడు. నేను టీ తాగి లేచాను. మోటారును బాగుచెయ్యడానికే మేం తీగ తీస్తాంగానీ, నా కొట్టు పేరు పాడవుతుందని మోటారును రోడ్డున పారెయ్యం అని చెప్పాల్సింది. ఆ మాట ఇంటికి సగం దారిలో తట్టింది. తట్టాక వెనక్కి వెళ్ళి చెప్పొచ్చు, వెళ్ళలేదు. టీసీ నా జేబులో ఉంది.

ఆ రాత్రి మా ఆవిడ ఏమీ అడగకుండానే నా గోళ్ళు రుద్దింది. పొద్దున్నే నకరికల్లు బస్సెక్కాను.

దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. హాజరు తక్కువైందని చెబితే అబద్ధమని ఆయనకే తెలుస్తుంది, పిల్ల ఒక్కరోజు మానలేదు. స్కూలు వాళ్ళు వద్దంటున్నారని చెబితే నిజమే, కానీ పూచీ నాదన్న మేస్టారు మాట స్కూల్లో చెల్లలేదని ఆయనకు తెలిసిపోతుంది, నేను మళ్ళీ ఒరేయ్ అబ్బాయ్ నవుతాను. ఇక మిగిలింది ఒక్కటే దారి. వాకిట్లో మంచం వేశారు. పిల్లే గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది, సారు ఇంటికొచ్చాడని సంబరంగా తలుపు పక్కనే నిలబడింది. నేను నీళ్ళు తాగి, గ్లాసు ఇచ్చేసి, ఆ పిల్ల ముందే, మీ అమ్మాయికి చదువు తలకెక్కడం లేదు బాబాయ్, ఎంత చెప్పినా లాభం లేదు, ఆ బుర్ర అంతే అన్నాను.

పిల్లే మాట్లాడింది, గట్టిగా కూడా కాదు. "నిన్న క్లాసులో బాగా చెప్పావని మీరే అన్నారు గదా సార్?" అంది. అన్నాను, నిజమే. ముందురోజు పొద్దున ఒక ప్రశ్నకు ఆ పిల్ల ఒక్కతే జవాబు చెబితే మెచ్చుకున్నాను. అక్కడితో తల దించుకున్నా సరిపోయేది, కానీ తప్పు చేస్తున్నవాడికి ఎదురు ప్రశ్న వేస్తే వచ్చే కోపం ఉంటుందే, అది వచ్చింది నాకు. నీ మనసు కష్టపెట్టడమెందుకని అలా మెచ్చుకున్నానన్నాను, పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలోకి రావడం మాత్రం బాగా వచ్చింది అని కూడా అన్నాను. ఆమె తల్లి వసారాలోంచి, "ఏమే, సారుకే ఎదురు చెబుతున్నావా, లోపలికి పో" అని కసిరింది. టీసీ మంచం మీద పెట్టాను. ఆ సంవత్సరం ఇంకే స్కూలూ ఆ పిల్ల పేరు పంపదని నాకు తెలుసు, ప్రైవేటుగా ఫీజు కట్టించి రాయించవచ్చనీ తెలుసు. ఆ రెండో ముక్క ఆయనకు చెప్పలేదు. చెబితే పిల్ల పాసయ్యేది, పాసైతే నేనన్నది అబద్ధమయ్యేది.

ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "నువ్వు చెప్పినాక ఇంకేముందిలే" అన్నాడు. మోటారు ఇక పనికిరాదని నేను చెబితే ఆయన ఏనాడూ ఇంకో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి చూపించిన మనిషి కాదు. పిల్ల విషయంలోనూ అంతే చేశాడు. పై వారం నుంచి ఆ పిల్ల తల్లితో కలిసి మిరప కోతకు వెళ్ళిందని తర్వాత విన్నాను.

ఈ సంగతి మా నాన్నకు ఆయన నోటనే తెలిసింది, మోటారు తెచ్చినప్పుడు చెప్పాడట. మా నాన్న నన్ను తిట్టలేదు. అన్నం తింటూ తింటూ తలెత్తకుండా, "టెస్టు లాంపు పెట్టి చూసే చెప్పావా, పైపైన చూసి చెప్పావా?" అని అడిగాడు. చూసే చెప్పానన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ నెల తిరక్కుండా కొట్టు మా నాన్న శిష్యుడొకాయనకు అప్పగించాడు. నేను ఏడాదిగా తేల్చుకోలేనిది అలా తేలిపోయింది. జూన్‌లో ఆర్డరు చేతికొచ్చింది, నూటికి నూరు శాతమని ఊరంతా కరపత్రాలు పంచారు, అందులో నా ఫోటో కూడా వేశారు. మా ఆవిడ దాన్ని అద్దాల బీరువాకు అంటించింది.

తర్వాత నేను మంచి మేస్టారునే అయ్యాను, అది కూడా చెప్పాలి, అబద్ధపు వినయం నాకు చేతకాదు. నా దగ్గర చదివి డాక్టర్లయినవాళ్ళున్నారు. దాంతోపాటు ప్రతి చలికాలం నేను తెచ్చినవాళ్ళను నేనే పంపుతూ వచ్చాను, హెడ్మాస్టరునయ్యాక వేరేవాళ్ళ చేత పంపించాను. ఎంతమందో లెక్క పెట్టుకోలేదు. మొదటిసారికి మూడు రోజులు అన్నం సహించలేదు, మూడో ఏటికి బస్సులో నిద్రపోయేవాణ్ణి. ఆ పిల్ల ఊరి వైపు మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. చుట్టాల పెళ్ళి పడినా ఏదో వంక పెట్టి మానుకునేవాణ్ణి.

నేను వెళ్ళకపోతేనేం, ఆమే వచ్చింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, అడ్మిషన్ల రోజుల్లో, పన్నెండేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. నేను గుర్తుపట్టలేదు, తండ్రి పేరు చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఈ స్కూలుకే ఎందుకు తెచ్చావమ్మా అన్నాను. ఆమె ఏ కోపమూ లేకుండా, నవ్వు మొహంతోనే చెప్పింది. "మీరున్నారని తెచ్చా సార్. మా పాపని ఒకసారి చూసి చెప్పండి, చదువుద్దో చదవదో. నాకైతే మీరు అప్పుడే చూసి చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మా నాయన నామీద ఇంకెన్నేళ్ళు డబ్బు పోసేవాడో. నాది మొద్దు బుర్రని నాకే తెలియదప్పుడు" అంది.

పద్దెనిమిదేళ్ళు ఆ మాట మోసుకు తిరిగిందన్నమాట. మోస్తున్నానని కూడా తెలియకుండా, అదేదో నేను చేసిన మేలన్నట్టు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది, గదిలో ఆ పాప తప్ప ఇంకెవరూ లేరు, వరండా కూడా ఖాళీగా ఉంది. ముప్పై ఒకటి వచ్చాయమ్మా నీకు, ఇంకో నాలుగు మార్కులే తక్కువ, నీ బుర్రకేమీ లేదు అంటే సరిపోయేది. నేను కూతురిని దగ్గరకు పిలిచి, ఎక్కాలు అడిగి, బాగా చదువుతుందమ్మా అన్నాను. నేను చెప్పగలిగింది అంతే. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి, మీరన్నారంటే ఇక భయం లేదు సార్ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. కూతురు బాగానే చదువుకుంది. తల్లికి మాత్రం నేను ఈనాటికీ నిజం చెప్పలేదు.

నిన్న మేనకోడలికి ఫోను చేశాను. టీచరు పని మంచిదే, నాలుగు స్కూళ్ళు తిరుగు, అక్కడ పనిచేసేవాళ్ళని అడుగు, మానేసిపోయినవాళ్ళని ఇంకా గుచ్చి అడుగు, చివరికి నీకు నువ్వే తేల్చుకో, నా మాట మీద మాత్రం పోవద్దు అన్నాను. "ఏంది మామూ, వారం రోజులు ఆలోచించింది ఇందుకా?" అని విసుక్కుంది.

మన ఈడువాళ్ళం నలుగురం కూడితే ఒకటే పాట. ఇప్పటివాళ్ళు ఎవరినీ నమ్మరంటాం, డాక్టరు ఒకటి చెబితే ఇంకో ఇద్దరి దగ్గరికి పోతారు, మేస్టారు ఒకటి చెబితే ఫోన్లో చూసి ఎదురడుగుతారు, మన రోజుల్లో మనిషి మాటకు ఎంత విలువుండేదో అని నిట్టూరుస్తాం. నేనూ నిట్టూర్చేవాణ్ణి, అందరికంటే గట్టిగా. పోయినేడు మా మనవడి స్కూలు వాళ్ళు వాడికి లెక్కలు రావని చెబితే, మా కోడలు ఆ కాగితం వాళ్ళ మొహాన కొట్టినంత పని చేసి, వాణ్ణి ఇంకో చోట చేర్చి వచ్చింది. పెద్దాచిన్నా లేదా అని ఆ రోజు దాన్ని మందలించబోయి నోరు మూసుకున్నాను. అలాంటి తల్లి ఒక్కతి ఆనాడు ఆ వాకిట్లో ఉంటే, నువ్వెవడివిరా మా పిల్ల బుర్ర సంగతి చెప్పడానికి అని నా చొక్కా పట్టుకుని ఉంటే, ఆ పిల్ల పది పాసయ్యేది. ఎవరూ పట్టుకోలేదు. మంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు, నేను చెప్పింది చెప్పినట్టు నమ్మారు.